పేస్‌మేకర్ ఉన్న ఒంటికి రేడియేషన్

గుండె లయను కాపాడే పరికరం అమర్చుకున్నవారికి క్యాన్సర్ కూడా రావడం అరుదైన సంగతేమీ కాదు. గుండె వేగం మందగించడమైనా, క్యాన్సర్ అయినా ఎక్కువగా వయసు మళ్లాకే ఎదురవుతాయి. ఒకే మనిషిలో రెండూ కలవడంలో వింత లేదు. ఒంట్లో పూర్తిగా ఇమిడిపోయే పేస్‌మేకర్‌ను ప్రపంచంలో మొదటిసారి 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో అమర్చారు. రూనే ఎల్మ్‌క్విస్ట్ రూపొందించిన ఆ పరికరాన్ని సర్జన్ ఓకే సెనింగ్ అమర్చారు. దాన్ని పెట్టించుకున్న ఆర్నే లార్సన్ ఒకదాని తరవాత ఒకటిగా ఎన్నో పేస్‌మేకర్లు మార్చుకుంటూ మరో 43 ఏళ్లు బతికి, 2001లో కన్నుమూశాడు. ఆ చావుకు కారణం గుండె కాదు, క్యాన్సర్.

ఇలాంటి రోగికి రేడియేషన్ చికిత్స అవసరమైనప్పుడు, గడ్డను చంపడానికి పంపే కిరణం గుండెను నడిపే చిప్‌ను ఏం చేస్తుందన్న ప్రశ్న వస్తుంది. నలభై ఏళ్లకు పైగా దీనిపై పరిశోధనలు సాగాయి, మార్గదర్శకాలు వచ్చాయి, మారాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒకటుంది. పరికరానికి ఎంత మోతాదు తగిలిందన్నదే తొలినాళ్లలో ఏకైక కొలమానం. ఇప్పుడు దానికన్నా ముందు అడగాల్సింది ఏ శక్తి గల కిరణం వాడుతున్నారన్నది.

పరికరాల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికి సన్నని విద్యుత్ స్పందనలిచ్చి వేగాన్ని నిలబెట్టేది పేస్‌మేకర్. ప్రాణాంతకమైన వేగం పుట్టినప్పుడు గుర్తించి షాక్ ఇచ్చి సరిచేసేది ఐసీడీ. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం కృషితో 1980లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో తొలి ఐసీడీని మనిషికి అమర్చారు. బలహీనపడ్డ గుండెలో రెండు జఠరికలనూ ఒకేసారి కొట్టుకునేలా చేసే సీఆర్‌టీ పరికరాలు ఈ రెండింటికీ విస్తరణే. సాధారణంగా ఎడమ మెడఎముక కింద చర్మం లోపల చిన్న టైటానియం డబ్బా ఉంటుంది. అందులో బ్యాటరీ, సర్క్యూట్ ఉంటాయి. అక్కణ్నుంచి లీడ్ అనే సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళ్తాయి. రేడియేషన్‌తో చిక్కు డబ్బాలోని చిప్‌కే. తీగల్లో ఎలక్ట్రానిక్స్ లేవు కనుక అవి కిరణం దారిలో పడినా పరికరం చెడిపోతుందన్న భయం లేదు. టైటానియం డబ్బా కూడా ఆ స్థాయి కిరణాలను ఆపలేదు.

రేడియేషన్ చికిత్సలో ఎక్కువ భాగం లీనియర్ యాక్సిలరేటర్ మీద జరుగుతుంది. ఆసుపత్రుల్లో దాన్ని లినాక్ అంటారు. వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహాన్ని ఢీకొంటే అధిక శక్తి గల ఎక్స్-కిరణాలు పుడతాయి. ఈ శక్తిని మెగావోల్టుల్లో చెబుతారు. 6, 10, 15, 18 మెగావోల్టుల కిరణాలు వాడుకలో ఉన్నాయి. శక్తి పెరిగేకొద్దీ కిరణం ఒంట్లో మరింత లోతుకు చేరుతుంది. కణజాలంలో చేరిన మోతాదుకు కొలత గ్రే. రొమ్ము క్యాన్సర్‌కు 15 సిట్టింగుల్లో 40 గ్రేలు ఇవ్వడం ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కొన్ని గడ్డలకు 60, 70 గ్రేల దాకా వెళ్తారు.

పరికరానికి హాని మూడు దారుల్లో రావచ్చు. మొదటిది యంత్రం వెలువరించే విద్యుదయస్కాంత అలజడి. దాన్ని గుండె స్పందనే అనుకుని పేస్‌మేకర్ తన పని ఆపవచ్చు, ఐసీడీ అక్కర్లేని షాక్ ఇవ్వవచ్చు. బీటాట్రాన్లు అనే పాతకాలపు యాక్సిలరేటర్లు వాడిన రోజుల్లో ఇది నిజమైన బెడద. నేటి లినాక్‌ల దగ్గర, నేటి పరికరాల్లో ఇది అరుదు, కనిపించినా కిరణం ఆగగానే పోతుంది.

రెండోది పోగుపడే నష్టం. చిప్‌లోని ట్రాన్సిస్టర్లలో సిలికాన్ ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది. కిరణం తాకినప్పుడల్లా ఆ పొరలో కొంత విద్యుదావేశం చిక్కుకుపోతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఆవేశం పేరుకుని, పారకూడని చోట కరెంటు కారుతుంది. బ్యాటరీ త్వరగా అరుగుతుంది, గుండె స్పందనను పసిగట్టే సున్నితత్వం మారుతుంది, మరీ ఎక్కువైతే పరికరం మొత్తానికే పని మానేస్తుంది. ఈ నష్టానికి మరమ్మతు లేదు, పరికరం మార్చాల్సిందే. విచిత్రమేమిటంటే ఈ విషయంలో పాత పేస్‌మేకర్లే గట్టివి. విడివిడి ట్రాన్సిస్టర్లతో చేసిన తొలి తరం పరికరాలు ఎక్కువ మోతాదును తట్టుకునేవి. 1970ల చివరి నుంచి బ్యాటరీ ఆదా కోసం సీమాస్ చిప్‌లు వచ్చాయి. పరికరం చిన్నదైంది, తెలివైనదైంది, దానితోపాటే రేడియేషన్‌కు సుకుమారమైంది.

ఆ భయంలోంచి పుట్టిందే 2 గ్రేల గీత. అమెరికాలోని వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం ఏఏపీఎం 1994లో వెలువరించిన 34వ టాస్క్ గ్రూప్ నివేదిక పేస్‌మేకర్‌ను నేరుగా కిరణం కింద పెట్టరాదనీ, బీటాట్రాన్ వాడరాదనీ, పరికరానికి చేరే మొత్తం మోతాదు 2 గ్రేలు దాటరాదనీ చెప్పింది. దాదాపు పాతికేళ్లు ప్రపంచమంతటా రేడియేషన్ విభాగాలు దీన్నే పట్టుకుని నడిచాయి. ఆ రోజుల్లో అది తగిన జాగ్రత్తే. కానీ అందులో రెండు లోపాలున్నాయి. పేస్‌మేకర్ గురించే తప్ప ఐసీడీ గురించి అది చెప్పలేదు. కిరణం శక్తి ఎంతయినా మోతాదు తక్కువైతే చాలన్న భావన కూడా దానివల్ల స్థిరపడింది. ఈ రెండోదే అసలు చిక్కు.

హాని కలిగే మూడో దారి దగ్గరికి వస్తే సంగతి తెలుస్తుంది. కిరణం శక్తి 10 మెగావోల్టులు దాటితే, లినాక్ తలలో ఉండే టంగ్‌స్టన్, సీసం లాంటి బరువైన పరమాణువుల కేంద్రకాల్లోంచి న్యూట్రాన్లు ఊడిపడతాయి. 6 మెగావోల్టుల దగ్గర ఇవి లేవనే చెప్పాలి. 10 దగ్గర నామమాత్రం, 15, 18 దగ్గర లెక్కలోకి వస్తాయి. ఎక్స్-కిరణంలా ఇవి గడ్డ వైపే సూటిగా వెళ్లవు. గోడల మీద తుళ్లుతూ, వేగం తగ్గుతూ గదంతా పరుచుకుంటాయి. నెమ్మదించిన న్యూట్రాన్‌ను బోరాన్-10 పరమాణువు ఇట్టే మింగేసి, ఆల్ఫా కణంగానూ లిథియం కేంద్రకంగానూ చీలిపోతుంది. చాలా చిప్‌లలో పొరల మధ్య విద్యుత్ నిరోధకంగా వాడిన గాజులో బోరాన్ ఉండేది. అంటే చీలిక జరిగేది చిప్ లోపలే, మెమరీ కణాలను ఆనుకునే. ఆ ఆల్ఫా కణం దారిలో పడిన మెమరీ బిట్ సున్నా నుంచి ఒకటికో, ఒకటి నుంచి సున్నాకో తిరగబడుతుంది. ఇక్కడ ఏదీ కాలిపోదు, అరగదు, ఒక అంకె మారుతుంది అంతే. ఆ అంకె చిప్‌ను నడిపే ప్రోగ్రాంలో భాగమైతే, పరికరం తప్పును పసిగట్టి అన్ని అమరికలనూ వదిలేసి తయారీదారు ముందే పెట్టిన అత్యవసర స్థితిలోకి వెళ్లిపోతుంది. దీన్నే రీసెట్ అంటారు.

ఇది ఆసుపత్రుల్లో కొత్తగా పుట్టిన సమస్య కాదు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రాన్లు ఐసీడీల మెమరీలో బిట్లను తిరగేస్తున్నాయని 1998లోనే ఒక అధ్యయనం చూపింది. ఉపగ్రహాలూ విమానాలూ నిర్మించే ఇంజినీర్లకు ఇది బాగా తెలిసిన సంగతే. క్యాన్సర్ వార్డుకు ఆ తెలివిడి చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈ విషయంలో చర్చను తేల్చేసినది 2015లో జామా ఆంకాలజీ పత్రికలో వచ్చిన హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం అధ్యయనం. పరికరాలున్న 215 మంది రోగులకు ఇచ్చిన 249 చికిత్సా క్రమాలను అక్కడివారు పరిశీలించారు. రేడియేషన్‌కు ఆపాదించదగ్గ లోపం 18 క్రమాల్లో, అంటే 7 శాతంలో కనిపించింది. అందులో 15 మెమరీ తిరగబడటం వల్ల, 3 తాత్కాలిక అలజడి వల్ల. మెమరీ తిరగబడిన ఆ పదిహేనూ న్యూట్రాన్లు పుట్టించే చికిత్సల్లోనే జరిగాయి. న్యూట్రాన్లు లేని 178 క్రమాల్లో ఒక్కటీ లేదు. న్యూట్రాన్లున్న చికిత్సల్లో పేస్‌మేకర్లకు 10 శాతం, ఐసీడీలకు 34 శాతం చొప్పున ఈ లోపం వచ్చింది. ఎక్కువ మెమరీ, సంక్లిష్టమైన ప్రోగ్రాం ఉండటం ఐసీడీకి ఇక్కడ శాపమైంది. పరికరానికి చేరిన మోతాదుకూ లోపానికీ మధ్య సంబంధం కనబడలేదు. అదే ఏడాది డెన్మార్క్ నుంచి వచ్చిన 453 చికిత్సా క్రమాల అధ్యయనంలో సుమారు 3 శాతం క్రమాల్లో లోపాలు బయటపడ్డాయి. అక్కడా ప్రధాన కారణంగా నిలిచింది 15 మెగావోల్టులు, ఆపై శక్తి.

దీంతో ఎవరి పరికరానికి ముప్పు ఎక్కువన్న అంచనా తలకిందులైంది. ప్రోస్టేట్ క్యాన్సర్ పొత్తికడుపు అడుగున ఉంటుంది, పేస్‌మేకర్ మెడఎముక కింద ఉంటుంది. మధ్య దూరం అంత ఉన్నాక పరికరానికి చేరే మోతాదు లెక్కలోకి రాదు, కాబట్టి 2 గ్రేల గీత ప్రకారం ఈ రోగి నిశ్చింతగా ఉండవచ్చు. కానీ గడ్డ లోతున ఉంటుందని ఒకప్పుడు కటి భాగానికి 15, 18 మెగావోల్టులే వాడేవారు. గదంతా నిండే న్యూట్రాన్లకు ఆ దూరం పెద్ద అడ్డు కాదు. అదే పరికరానికి దగ్గరగా ఉండే ఎడమ రొమ్ముకు 6 మెగావోల్టులతో చికిత్స చేస్తే రీసెట్ అవకాశం దాదాపు శూన్యం. అదృష్టవశాత్తు పరిష్కారం సులువు. అనేక కోణాల నుంచి కిరణాన్ని మలిచే ఐఎంఆర్‌టీ, వీమ్యాట్ పద్ధతులొచ్చాక కటి భాగానికి కూడా 6 మెగావోల్టులతోనే మంచి ప్రణాళిక తయారవుతుంది. పరికరం ఉన్న రోగి పేరు ఎదుట 15 అన్న అంకె కనిపిస్తే, ఎందుకని అడిగే మనిషి ఆ గదిలో ఉండాలి.

రీసెట్ అయితే రోగికి ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ తెలియదు. తరవాతి తనిఖీలోనే బయటపడుతుంది, ప్రోగ్రామర్ అనే బయటి యంత్రంతో పాత అమరికలు మళ్లీ పెడితే సరిపోతుంది. అయితే అత్యవసర స్థితిలో పరికరం సాధారణంగా జఠరికనే, ఒకే స్థిర వేగంతో నడుపుతుంది. కర్ణికకూ జఠరికకూ మధ్య పొందిక తప్పడంతో కొందరికి నీరసం, తల తిరగడం, రక్తపోటు పడిపోవడం, గుండె బలహీనంగా ఉన్నవారికి ఆయాసం రావచ్చు. ఐసీడీ అయితే ఆ రోగికి సరిపడేలా పెట్టిన షాక్ హద్దులు చెరిగిపోయి తయారీదారు హద్దులు అమల్లోకి వస్తాయి. పరికరం పూర్తిగా ఆగిపోవడం వైద్య సాహిత్యంలో అరుదు.

కాబట్టే 2017లో హార్ట్ రిథమ్ సొసైటీ నిపుణుల ప్రకటన, 2019లో ఏఏపీఎం 203వ టాస్క్ గ్రూప్ నివేదిక పాత చట్రాన్ని మార్చాయి. అంతకుముందే 2012లో నెదర్లాండ్స్ నిపుణులు రోగులను ముప్పు స్థాయిని బట్టి విడదీసే పద్ధతి ప్రతిపాదించారు. వీటన్నిటిలోనూ అడిగేవి మూడే ప్రశ్నలు. కిరణం న్యూట్రాన్లు పుట్టిస్తుందా? పరికరానికి చేరే మొత్తం మోతాదు ఎంత? రోగి ప్రతి స్పందనకూ పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉన్నాడా? మూడోదాన్ని పేసింగ్ డిపెండెన్స్ అంటారు. పరికరం కాసేపు ఆగితే సొంత గుండె అందుకుంటుందా, లేక మనిషి స్పృహ తప్పుతాడా అన్నది తనిఖీలో తేలుతుంది. 203వ గ్రూప్ 2 గ్రేల దగ్గర ఒక గీత, 5 గ్రేల దగ్గర మరో గీత గీసింది. 5 దాటినా, న్యూట్రాన్లున్నా అది అధిక ముప్పే. ఆధారపడని రోగికి 2 లోపు మోతాదు, 6 మెగావోల్టుల కిరణం అయితే అది తక్కువ ముప్పు. తయారీదారులు మాత్రం ఒకే మాట మీద లేరు. కొందరు 5 గ్రేల దాకా అంగీకరిస్తారు. మరికొందరు సురక్షితమైన మోతాదంటూ ఏదీ చెప్పరు. ఈ రెండో వైఖరి కంపెనీ న్యాయవాదికి ఉపయోగపడవచ్చు గాని, మంచం మీద ఉన్న రోగికి పనికిరాదు.

ఆచరణలో పని, ప్రణాళిక కోసం తీసే సిమ్యులేషన్ సీటీ స్కాన్‌తోనే మొదలవుతుంది. గడ్డనూ గుండెనూ గుర్తించినట్టే పరికరాన్నీ చిత్రంలో గీసి మోతాదు లెక్క కట్టాలి. సీటీ కిరణం నేరుగా డబ్బా మీద పడితే క్షణకాలం అలజడి కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరించింది. శ్వాసతోపాటు కదిలే గడ్డల కోసం ఒకే చోట ఎక్కువసేపు నిలిచే స్కాన్‌లలో దీన్ని గుర్తుంచుకోవాలి. మామూలు స్కాన్ మోతాదుకు మాత్రం పరికరం చెడిపోదు.

లెక్కల్లో ఒక మెలిక ఉంది. ప్రణాళిక తయారుచేసే కంప్యూటర్ కిరణం హద్దుల లోపల చక్కగా లెక్కిస్తుంది. హద్దు దాటాక చెదిరిన కిరణాన్ని తక్కువగా చూపించే గుణం దానికుంది. స్థూలంగా చెప్పాలంటే 6 మెగావోల్టుల కిరణం అంచు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఇచ్చిన మోతాదులో సుమారు 1 శాతం చేరుతుంది. 40 గ్రేల చికిత్సలో అది 0.4 గ్రే. అంచుకు రెండు మూడు సెంటీమీటర్లలోనే డబ్బా ఉంటే ఇది అనేక రెట్లవుతుంది. అందుకే అనుమానమున్నచోట తొలి సిట్టింగ్‌లోనే పరికరం పైన చర్మానికి చిన్న డోసీమీటర్ అంటించి కొలుస్తారు. పరికరం మీద సీసపు రేకు కప్పడం పాత అలవాటు. యంత్రం నుంచి బయటికి కారే కొద్దిపాటి కిరణాన్ని అది ఆపగలదు. ఒంటి లోపలే చెదిరి వచ్చేదాన్ని ఆపలేదు, న్యూట్రాన్లను అసలే ఆపలేదు. రేకు కప్పాం కదా అన్న ధీమా దానివల్ల కలిగే మేలు కన్నా పెద్ద కీడు.

గడ్డ సరిగ్గా పరికరం కిందే ఉన్నప్పుడు పరికరాన్ని అవతలి వైపుకు మార్చే శస్త్రచికిత్స చేస్తారు. అది తేలికైన నిర్ణయం కాదు. పాత గుంటను తెరవడమంటే ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చినట్టే. కీమో వల్ల రోగనిరోధకత తగ్గినవారిలో ఆ భయం ఇంకా ఎక్కువ, గాయం మానేదాకా క్యాన్సర్ చికిత్స ఆగుతుంది. మోతాదు 5 గ్రేల లోపైతే మార్చవద్దనీ, పరికరం ఉన్న చోటు గడ్డకు సరైన చికిత్స అందకుండా అడ్డుపడితేనే మార్చాలనీ 2017 ప్రకటన అంటుంది. పరికరాన్ని కాపాడటానికి గడ్డకు ఇచ్చే మోతాదును కోసేయడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. పేస్‌మేకర్ మళ్లీ కొనవచ్చు.

చికిత్స గదిలో చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. రోగిని కెమెరాలోంచి చూస్తూ, మాట వినిపించే ఏర్పాటుతో సిట్టింగ్ నడపాలి. ఆధారపడ్డ రోగులకు ఈసీజీ పెట్టి, అత్యవసర సామగ్రి అందుబాటులో ఉంచుతారు. కొన్నిచోట్ల పరికరం మీద అయస్కాంతం ఉంచుతారు. దాని ప్రభావం అన్నిటిమీదా ఒకటి కాదు. పేస్‌మేకర్ మీద పెడితే అది బయటి అలజడిని పట్టించుకోకుండా స్థిర వేగంతో కొట్టిస్తుంది. ఐసీడీ మీద పెడితే షాక్ ఇచ్చే విభాగం మాత్రమే నిద్రపోతుంది, పేసింగ్ మారదు. న్యూట్రాన్లు తప్పని చికిత్స అయితే వారానికోసారి పరికరాన్ని పూర్తిగా తనిఖీ చేయించాలి.

ఇతర పద్ధతుల సంగతి చూస్తే, పాత యంత్రమని చిన్నచూపు చూసే కోబాల్ట్‌కు ఇక్కడ ఒక సుగుణం ఉంది. దాని గామా కిరణాల శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులే కనుక న్యూట్రాన్లు పుట్టవు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ ఈ కోవలోదే. అంచు లినాక్ అంత పదునుగా ఉండకపోవడం దాని లోపం. గడ్డ పక్కనే రేడియోధార్మిక మూలాన్ని ఉంచే బ్రాకీథెరపీలోనూ శక్తి తక్కువే, న్యూట్రాన్ల చింత లేదు. ప్రోటాన్ చికిత్స దీనికి పూర్తిగా భిన్నం. ప్రోటాన్లు యంత్ర భాగాలనూ ఒంటినీ తాకి న్యూట్రాన్లను పుట్టిస్తాయి. జపాన్‌లోనూ ఎండీ ఆండర్సన్‌లోనూ ప్రోటాన్ రోగుల పరికరాలు రీసెట్ అయిన ఉదంతాలు నమోదయ్యాయి. చెన్నైలో 2019లో దక్షిణాసియాలోనే తొలి ప్రోటాన్ కేంద్రం మొదలైంది. తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్లే అవకాశం ఉన్న రోగులు పేస్‌మేకర్ సంగతి మొదటి సంప్రదింపులోనే చెప్పడం అవసరం. ఎంఆర్ఐతో జతచేసిన కొత్త లినాక్‌లలో రేడియేషన్ ప్రశ్నకు అయస్కాంత క్షేత్రం ప్రశ్న తోడవుతుంది. పరికరమూ లీడ్‌లూ ఎంఆర్ఐకి అనుమతించినవో కాదో ముందే చూడాలి. తీగల్లేకుండా కుడి జఠరికలోనే నిలిచే గుళికంత పేస్‌మేకర్లు మరో కొత్త చిక్కు. వాటిని పక్కకు జరపడం కుదరదు. అన్నవాహిక, ఎడమ రొమ్ము, ఊపిరితిత్తుల చికిత్సలో గుండెకు చేరే మోతాదే వాటికీ చేరుతుంది.

గుండెను కిరణం నుంచి కాపాడటమే లక్ష్యమనుకునే ఈ రంగంలో 2017 నుంచి ఎదురు దారి కూడా ఒకటి తెరుచుకుంది. మందులకూ క్యాథెటర్ చికిత్సకూ లొంగని ప్రాణాంతక వేగం ఉన్న ఐదుగురు రోగులకు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒకే సిట్టింగ్‌లో 25 గ్రేలు నేరుగా గుండె కండరం మీదే ఇచ్చారు. వారందరికీ ఐసీడీలున్నాయి. లీడ్‌లు కిరణం దరిదాపుల్లో ఉన్నా డబ్బాను దూరంగా ఉంచితే పని నడుస్తుందన్న అవగాహన అప్పటికే లేకపోతే ఆ ప్రయోగం ఊహకు కూడా వచ్చేది కాదు.

మన దగ్గర భౌతికశాస్త్రం కన్నా కాగితాల దగ్గరే బండి ఎక్కువగా ఆగుతుంది. పేస్‌మేకర్ ఒక ఊళ్లో పెట్టి ఉంటారు, రేడియేషన్ ఇంకో ఊళ్లో ఇస్తారు. ఏ కంపెనీది, ఏ మోడల్, ఎప్పుడు పెట్టారు అన్న వివరాలున్న చిన్న కార్డు ఇంట్లో బీరువాలో ఉండిపోతుంది. ఒక కంపెనీ ప్రోగ్రామర్ మరో కంపెనీ పరికరాన్ని చదవలేదు కాబట్టి కంపెనీ తెలియకపోతే తనిఖీ మొదలే కాదు. కార్డు పోయినా ఛాతీ ఎక్స్-రేలో డబ్బా ఆకారాన్ని బట్టి కంపెనీని గుర్తించవచ్చు. చికిత్సకు ముందు గుండె వైద్యుడి నుంచి కావలసింది అభ్యంతరం లేదన్న ఒక్క వాక్యం కాదు. రోగి పేసింగ్ మీద ఆధారపడ్డాడా, బ్యాటరీ ఎంతుంది, లీడ్‌ల కొలతలెంత, అమరికలేమిటి అన్నవి రాతలో కావాలి. రీసెట్ అయితే తిరిగి పెట్టాల్సింది ఆ అమరికలనే.

చివరి సిట్టింగ్ అయ్యాక తనిఖీ మరోసారి చేయిస్తారు. పోగుపడిన నష్టం వెంటనే బయటపడకపోవచ్చు కనుక తరవాతి నెలల్లోనూ బ్యాటరీ అరుగుదలను, లీడ్‌ల కొలతలను పాతవాటితో పోల్చి చూస్తారు. ఇంటి నుంచే సమాచారం పంపే సౌకర్యం ఉన్న పరికరాల్లో ఇది ఆసుపత్రికి వెళ్లకుండానే జరిగిపోతుంది. బ్యాటరీ అనుకున్నదానికన్నా వేగంగా తగ్గుతుంటే ఆ పరికరాన్ని గడువుకు ముందే మారుస్తారు.